వేళకు రాని పిలుపు

రేడియో నిలయములో పనిచేసేవారికి నిశ్శబ్దమంటే భయము. పాటకూ పాటకూ నడుమ పది సెకన్లు ఏ ధ్వనీ వినిపించకపోతే డ్యూటీ రూములోని వారు కుర్చీలలోనుండి లేస్తారు. ఇండ్లలో వినేవారు పెట్టె చెడిపోయినదా అని మీట త్రిప్పి చూస్తారు. అక్కడ నిశ్శబ్దము దాగదు. దానిని గుర్తించే చెవులు వేలకొలది ఉంటవి.

కంప్యూటరుకు మనము అప్పగించే పనులలో నిశ్శబ్దము ఇటువంటిది కాదు. ఫలాన వేళకు ఫలాన పని చేయుమని చెప్పి మనము నిద్రపోతాము. ఆ పని జరిగితే దాని ఫలము కనిపిస్తుంది. జరుగకపోతే, జరుగలేదని వచ్చి చెప్పేవారు ఎవరూ ఉండరు. వేళ నిర్ణయించి వ్రాసిన ప్రోగ్రాములలోని తప్పులు వెదకడము కష్టమయ్యేది ఇందుకే. తక్కిన తప్పులు ఏదో ఒకటి చేసి పట్టుబడతవి. ఈ తప్పు ఏమీ చేయకుండా తప్పించుకొంటుంది.

ఇటీవల ఒక మిత్రుని ఇంట జరిగిన సంగతి ఈ విషయమును తేటపరుస్తుంది. మిత్రుని తల్లిగారికి డెబ్బది ఆరు సంవత్సరములు. ఉదయము ఆరు గంటలకు పరగడుపున థైరాయిడ్ మాత్ర, రాత్రి ఎనిమిది గంటలకు రక్తపోటు మాత్ర ఆమె వేసుకోవాలి. ఆమె మనుమడు ఇంజనీరింగు చదువుతున్నవాడు. నాయనమ్మ మరచిపోకుండా ఉండడానికి అతడు ఒక ఉపాయము చేసినాడు. తపాలా కార్డు కంటె చిన్నదైన "రాస్ప్‌బెర్రీ పై" అనే కంప్యూటరును ఆమె రేడియో ప్రక్కన పెట్టి, దానికి ఒక స్పీకరు తగిలించి, ఆ రెండు వేళలకూ నలుబది సెకన్లపాటు నాదస్వరము మ్రోగేటట్లు పైథాన్ భాషలో ఇరవై పంక్తుల ప్రోగ్రాము వ్రాసినాడు. ఆలోచన మంచిదే. అయినా మొదటి నెలలో ఆ నాదస్వరము వేళకు మ్రోగిన రోజులకంటె మ్రోగని రోజులే ఎక్కువ.

పైథాన్ అంటే ఇక్కడ పాము కాదు. నెదర్లాండ్సు దేశీయుడైన గీడో వాన్ రోసమ్ 1989 చివర రూపొందింప మొదలుపెట్టి 1991లో వెలువరించిన కంప్యూటరు భాష అది. బి.బి.సి. టెలివిజనులో ప్రసారమైన "మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్" అనే హాస్య కార్యక్రమమునుండి ఆయన ఆ పేరు తీసికొన్నాడు. 2008లో వచ్చిన మూడవ పైథాన్ మొదలుకొని, ప్రోగ్రాములో మనము పెట్టుకొనే పేర్లను తెలుగు లిపిలోనే వ్రాసుకొనవచ్చును. మన అబ్బాయి నాదస్వరము వినిపించే పనికి "గంటకొట్టు" అని పేరు పెట్టినాడు. ఈ విధముగా పేరు పెట్టి ఉంచుకొన్న పనిని ఫంక్షన్ అంటారు. పేరు పక్కన ఒక జత కుండలీకరణములు వ్రాస్తే ఆ పని అక్కడికక్కడే జరుగుతుంది. దానినే ఫంక్షన్‌ను పిలవడము అంటారు.

మొదటి తప్పు ఇక్కడనే వచ్చినది. పైథాన్‌తో వేళ ప్రకారము పనులు చేయించడానికి "షెడ్యూల్" అనే లైబ్రరీ ఒకటి విరివిగా వాడుకలో ఉన్నది. ప్రతిదినము ఆరు గంటలకు అని చెప్పి, చివర "డూ" అనే మాట వ్రాసి, ఏ పని చేయవలెనో దాని పేరు ఇవ్వాలి. అబ్బాయి "డూ(గంటకొట్టు)" అని వ్రాయడానికి బదులు "డూ(గంటకొట్టు())" అని వ్రాసినాడు. భేదము ఒక జత కుండలీకరణములు మాత్రమే. కాని ప్రోగ్రాము నడిపించిన తోడనే, మధ్యాహ్నము మూడు గంటల వేళ, నాదస్వరము మ్రోగి వెంటనే ప్రోగ్రాము తప్పు చూపి ఆగిపోయినది.

మా క్యూ షీటు సంగతి తెలిసినవారికి ఇది సులభముగా బోధపడుతుంది. రేపు ఉదయము పాడవలసిన పాట పేరు క్యూ షీటులో వ్రాయడము ఒకటి. ఆ పాటను ఇప్పుడే పాడించి, పాడగా మిగిలినదేమిటో క్యూ షీటులో వ్రాయడము మరొకటి. పాడగా మిగిలేది ఏమీ ఉండదు. ఆ "ఏమీ లేనిదానిని" పైథాన్ "నన్" అంటుంది. రేపు ఉదయము "నన్"ను పిలువమంటే ఎట్లా పిలవడము? షెడ్యూల్ లైబ్రరీ ఈ తప్పును అప్పుడే పట్టి చెబుతుంది. పైథాన్‌తో పాటు వచ్చే "టైమర్" అనే సాధనములో ఇదే తప్పు చేస్తే, పని వెంటనే జరిగి, చెప్పిన వేళ వచ్చినప్పుడు మాత్రమే తప్పు బయటపడుతుంది. చెప్పిన వేళ మరునాడైతే తప్పు కూడా మరునాడే తెలుస్తుంది. కాబట్టి పని వేళ రాకముందే జరిగిపోతే మొదట ఆ కుండలీకరణములను చూడాలి.

ఆ తప్పు దిద్దిన తరువాత నాదస్వరము అసలు మ్రోగలేదు. మరునాడు ఉదయము ఏడు గంటలకు నాయనమ్మగారు మనుమనికి ఫోను చేసి, "ఏమిరా అబ్బాయీ, నీ బాజాను నమ్ముకొని కాఫీ త్రాగకుండా కూర్చున్నాను, ఇంతవరకు చప్పుడే లేదు" అన్నారు. అబ్బాయి ప్రోగ్రామును చదివి చూచుకొన్నాడు. వేళ సరిగానే ఉన్నది. పని పేరు సరిగానే ఉన్నది. లేనిది, గడియారము చూచేవాడు. షెడ్యూల్‌కు వేళ చెప్పడమంటే పుస్తకములో వ్రాసుకోవడము మాత్రమే. ఆ పుస్తకము తెరచి, "ఇప్పుడు చేయవలసినది ఏదైనా ఉన్నదా?" అని మాటిమాటికి చూచే పని "రన్ పెండింగ్" అనే వేరొక ఆజ్ఞది. దానిని ఒక చక్రములో పెట్టి, సెకనుకు ఒకసారి పిలుస్తూ ఉండాలి. ఆ చక్రము లేకపోతే ప్రోగ్రాము చివరి పంక్తికి వచ్చి ముగిసిపోతుంది. పుస్తకములో వ్రాసినది వ్రాసినట్లే ఉంటుంది. చూచే డ్యూటీ ఆఫీసరు మాత్రము ఇంటికి వెళ్ళిపోయినాడు. పైన చెప్పిన "టైమర్" విషయములో ఇంకొక జాగ్రత్త అవసరము. అది ఒక్కసారి మాత్రమే పిలుస్తుంది. రెండవరోజు కూడా పిలువవలెనంటే మళ్ళీ ఒక టైమరును కట్టాలి.

చక్రము చేర్చిన తరువాత నాదస్వరము మ్రోగినది, కాని పగలు పదకొండున్నరకు మ్రోగినది. ఇప్పుడు అడుగవలసిన ప్రశ్న: ఎవరి గడియారము ప్రకారము ఆరు గంటలు? ఆ చిన్న కంప్యూటరు ఇంగ్లండులో రూపొందినది. దానిలో కాలము లండను నగరమునకు అమర్చబడి ఉన్నది, అబ్బాయి దానిని మార్చలేదు. భారత ప్రామాణిక కాలము గ్రీనిచ్ కాలమునకు ఐదున్నర గంటలు ముందు. మన కాలమునకు ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. అది ఉత్తర ప్రదేశములోని మీర్జాపూరు దగ్గరగా వెళ్ళి, దక్షిణాన మన కాకినాడ ప్రాంతమును తాకి సముద్రములో ప్రవేశిస్తుంది. కాకినాడలో పదకొండున్నర అయినప్పుడు చలికాలములో లండనులో ఆరు గంటలు. యంత్రము చెప్పినమాట తప్పలేదు. మనము దానికి చెప్పవలసిన మాట సగమే చెప్పినాము.

ఇంటి యంత్రములోనే కాదు, అద్దెకు తీసికొన్న దూరపు కంప్యూటర్లలో ఈ చిక్కు మరింత తరచు వస్తుంది. అవి సాధారణముగా ప్రపంచ సమన్వయ కాలములో నడుస్తవి. పని సరిగా ఐదున్నర గంటల ఆలస్యముతో జరిగితే కారణము వెదకనక్కరలేదు. 2020లో వచ్చిన పైథాన్ 3.9 మొదలుకొని "జోన్‌ఇన్‌ఫో" అనే భాగము భాషతోనే వస్తున్నది. దానికి "ఏషియా/కోల్‌కతా" అని చెబితే మన కాలము తెలుస్తుంది. అమెరికాలో ఉండి ఇక్కడి తల్లిదండ్రుల కొరకు ఇటువంటి ప్రోగ్రాములు వ్రాసే మన పిల్లలు మరొకటి గమనించాలి. ఆ దేశములో చాలా ప్రాంతములలో 2007 నుండి మార్చి రెండవ ఆదివారమున గడియారమును ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారమున ఒక గంట వెనుకకు జరుపుతున్నారు. ఆ మార్చి ఆదివారమున తెల్లవారుజామున రెండున్నర అనే వేళ లేనే లేదు. ఆ నవంబరు ఆదివారమున ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. లేని వేళకు పెట్టిన పని, రెండుసార్లు వచ్చే వేళకు పెట్టిన పని ఏమవుతవో ముందుగా ఆలోచించకపోతే సంవత్సరమునకు రెండుసార్లు ఆశ్చర్యపడవలసి వస్తుంది.

గడియారము విషయములో ఇంకొక పాఠము విద్యుత్తు నేర్పినది. ఒకనాటి తెల్లవారుజామున నాలుగు గంటలకు కరెంటు పోయి ఐదున్నరకు వచ్చినది. అప్పటికి అబ్బాయి, కరెంటు వచ్చిన తోడనే ప్రోగ్రాము దానంతట అదే మొదలయ్యేటట్లు ఏర్పాటు చేసి ఉన్నాడు. అయినప్పటికీ నాదస్వరము ఏడున్నరకు గాని మ్రోగలేదు. మామూలు కంప్యూటరులో, కరెంటు లేనప్పుడు కూడా గడియారమును నడిపే చిన్న బ్యాటరీ ఉంటుంది. ఈ యంత్రములో అది లేదు. 2023లో వచ్చిన ఐదవ నమూనాలో గడియారపు వలయము ఉన్నది గాని, బ్యాటరీని వేరుగా తెచ్చి అమర్చుకోవాలి. బ్యాటరీ లేని యంత్రము కరెంటు రాగానే తాను చివర వ్రాసి ఉంచుకొన్న వేళనుండి లెక్క మొదలుపెడుతుంది. ఇంటర్నెట్టు అందితే అక్కడినుండి సరియైన వేళ అడిగి తెలుసుకొంటుంది. ఆనాడు ఇంటర్నెట్టు కూడా లేదు. యంత్రము నాలుగు గంటలే అనుకొని నిదానముగా రెండు గంటలు లెక్కపెట్టి, తన ఆరు గంటలకు వాయించినది.

ఇండ్లలోని గడియారములను రేడియో విని సరిచేసుకొనే అలవాటు మనలో పెద్దవారికి తెలుసును. బి.బి.సి. వారు గ్రీనిచ్ కాలమును తెలిపే ఆరు "పిప్" ధ్వనులను 1924 ఫిబ్రవరి 5వ తేదీన ప్రసారము చేయ మొదలుపెట్టినారు. ప్రతి గడియారమూ తనంతట తాను తప్పుతుందనీ, బయటినుండి ఒక ప్రమాణము కావలెననీ ఒప్పుకోవడమే దానిలోని మూలసూత్రము. కంప్యూటరుకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

వేళ తప్పిన పనిని ఆలస్యముగానైనా చేయవలెనా, వదలివేయవలెనా అన్నది వేరొక ప్రశ్న. షెడ్యూల్ లైబ్రరీ నడుస్తున్నంతకాలము, దాటిపోయిన వేళను చూచిన వెంటనే ఆ పని చేస్తుంది, అది ఎంత ఆలస్యమైనా సరే. కాని అది లెక్కలన్నీ జ్ఞాపకములోనే పెట్టుకొంటుంది గనుక, ప్రోగ్రాము ఆరు గంటలకు ఆగి ఉండి ఆరూ పదికి మళ్ళీ మొదలైతే, ఆనాటి ఆరు గంటల పని సంగతి దానికి తెలియదు. రేపటికి వాయిదా వేస్తుంది. "ఏపీషెడ్యూలర్" అనే మరొక లైబ్రరీ, ఇప్పుడు విరివిగా వాడే మూడవ శ్రేణి ప్రతులలో, మనము వేరుగా చెప్పకపోతే ఒక సెకను మించి ఆలస్యమైన పనిని వదలివేసి, తప్పిపోయినదని వ్రాసి ఊరుకొంటుంది. ఈ రెండింటిలో ఏది సరియైనదో లైబ్రరీ నిర్ణయించలేదు. మాత్ర ఏదో, ఆలస్యమైతే ఏమి చేయవలెనో వైద్యుడు చెప్పాలి. ఆ మాట ప్రోగ్రాములో మనము వ్రాయాలి.

వేళలతో విసిగి అబ్బాయి ఒకసారి గడియారమునే విడిచిపెట్టినాడు. పని చేయించి, 86,400 సెకన్లు అనగా సరిగా ఒక దినము నిద్రించి, మళ్ళీ పని చేయించే చక్రము వ్రాసినాడు. చూడడానికి ఇది చక్కగా ఉన్నది. కాని నాదస్వరమునకు పట్టే నలుబది సెకన్లను అతడు లెక్కలో వేయలేదు. ఒక దినమునకు నలుబది సెకన్లు, ముప్పది దినములకు ఇరవై నిమిషములు. నెల తిరిగేసరికి ఆరు గంటల మాత్ర ఆరూ ఇరవైకి వస్తుంది. ఎంతసేపు నిద్రించవలెనో ప్రతిసారీ, రాబోయే వేళలోనుండి ఇప్పటి వేళను తీసివేసి లెక్కకట్టడమే దీనికి మందు.

చిన్న తేడాలు కూడి పెద్దవి కావడమును తేలికగా చూడరాదు. పైథాన్‌లో దశాంశముగా 0.1ని పదిసార్లు కూడితే మొత్తము సరిగా ఒకటికి రాదు, దానికి లేశమాత్రము తక్కువగా వస్తుంది. ద్విసంఖ్యామానములో పదవవంతును పూర్తిగా వ్రాయడము సాధ్యము కాదు. ఇది పైథాన్ పుట్టించిన లోపము కాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా సైన్యపు పేట్రియట్ రక్షణ యంత్రము అక్కడికి వచ్చే క్షిపణిని అడ్డుకొనలేకపోయినది. ఆ యంత్రము కాలమును సెకనులో పదవవంతులుగా లెక్కించేది. సుమారు నూరు గంటలు ఆపకుండా నడిచినందున ఆ లెక్కలో సెకనులో మూడవవంతు తేడా చేరినది. ఆనాడు ఇరువది ఎనిమిదిమంది సైనికులు మరణించినారు. లెక్కలోని తేడా ఒక్కొక్కసారి కంటికి కనిపించనంత చిన్నది; అది చేరుతూ పోతున్నదని ఎవరూ చూడకపోవడమే పెద్దది.

ఇక ఐదవ చిక్కు. నాయనమ్మగారికి వాతావరణ సమాచారము కూడ వినిపించవలెనని అబ్బాయి, ఐదూ యాభైఐదుకు ఇంటర్నెట్టునుండి ఆ సమాచారము తెచ్చే పనిని ప్రోగ్రాములో చేర్చినాడు. ఒకనాడు అవతలి కంప్యూటరు "వస్తున్నాను" అన్నట్లు తలుపు తెరచి, జవాబు చెప్పకుండా నిలిచిపోయినది. ఈ ప్రోగ్రాము ఎదురుచూస్తూ కూర్చున్నది. షెడ్యూల్ లైబ్రరీ పనులను ఒకదాని తరువాత ఒకటిగా చేస్తుందే గాని రెండింటిని ఒకేసారి చేయదు. వాతావరణము ముగియనిదే నాదస్వరము మొదలుకాదు. స్టూడియోలో ఒక ప్రసంగకర్త వేళ మించి చదువుతూ ఉంటే వార్తలు వాకిట నిలుచున్నట్లే. బయటివారిని అడిగే ప్రతి ప్రశ్నకూ గడువు పెట్టడము దీనికి మొదటి చికిత్స. పైథాన్‌లో ఎక్కువమంది వాడే "రిక్వెస్ట్స్" అనే లైబ్రరీ, గడువు మనము చెప్పకపోతే తనంతట తాను పెట్టుకోదు. ఎక్కువసేపు పట్టే పనిని థ్రెడ్ అనే వేరు దారిలో నడిపించి, గడియారము చూచే దారిని ఖాళీగా ఉంచడము రెండవ చికిత్స.

ఆరవది అన్నిటిలోకీ తీవ్రమైనది. ప్రోగ్రాము దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు చేసిన తరువాత ఒకనాడు అది పూర్తిగా ఆగిపోయినది. కారణము అల్పము. చేతితో నడిపినప్పుడు ప్రోగ్రాము, నాదస్వరపు ఫైలు ఉన్న ఫోల్డరులోనే నిలిచి ఆ ఫైలును వెదకేది. యంత్రము తానే మొదలుపెట్టినప్పుడు వేరొక ఫోల్డరులో నిలిచి వెదకినది. ఫైలు దొరకలేదు. దొరకనప్పుడు పైథాన్ "ఎక్సెప్షన్" అనే తప్పును లేవనెత్తుతుంది. దానిని పట్టుకొనేవారు లేకపోతే ప్రోగ్రాము మొత్తము కూలిపోతుంది. ఉదయపు నాదస్వరములో వచ్చిన తప్పు రాత్రి నాదస్వరమును కూడ తనతో తీసికొనిపోయినది. "క్రాన్" అనే యూనిక్సు సాధనముతో పైథాన్ ప్రోగ్రాములను వేళకు నడిపేవారికి కూడ ఈ చిక్కు పరిచితమే. చేతితో నడిపితే నడుస్తుంది, క్రాన్‌తో నడిపితే నడువదు అంటే, ఫైళ్ళకు పూర్తి చిరునామా వ్రాసినామా అన్నది మొదట చూడవలసిన సంగతి.

దీనికి చేసే చికిత్సలో కూడ ఒక ప్రమాదము ఉన్నది. పనిని "ట్రై" అనే ఆవరణలో పెట్టి, తప్పు వస్తే "ఎక్సెప్ట్" దగ్గర పట్టుకొనవచ్చును. ఇది మంచిది. కాని పట్టుకొన్న తరువాత "పాస్" అని వ్రాసి ఊరుకొనేవారు చాలామంది. అప్పుడు ప్రోగ్రాము కూలదు, పని జరుగదు, ఎవరికీ తెలియదు. కూలిన ప్రోగ్రాము కంటె ఇది హీనము. పట్టుకొన్న తప్పును తేదీతో, వేళతో, పూర్తి వివరముతో ఒకచోట వ్రాసి తీరవలెను.

చివరి చిక్కు నిశ్శబ్దము కాదు, దాని ప్రతిరూపము. ఒకనాటి రాత్రి ఎనిమిది గంటలకు నాదస్వరము మ్రోగినది. నాయనమ్మగారు రక్తపోటు మాత్ర వేసుకొన్నారు. కొద్ది నిమిషములకు మళ్ళీ మ్రోగినది. ఆమె మాత్రను చేతిలోకి తీసికొని, అనుమానించి, మనుమనికి ఫోను చేసినారు. "మళ్ళీ వేసుకోవాలా నాయనా?" అని ఆమె అడిగినప్పుడు ఆ అబ్బాయికి చేతులు వణికినవట. వయస్సు మళ్ళినవారిలో రక్తపోటు మాత్ర రెండింతలైతే ఒత్తిడి పడిపోయి, కండ్లు తిరిగి, క్రింద పడే ప్రమాదము ఉన్నది. జరిగినది ఇది: యంత్రము తానే మొదలుపెట్టిన ప్రోగ్రాము ఒకటి నడుస్తూ ఉండగా, అబ్బాయి పగలు వచ్చి, వాతావరణపు పనిని దిద్ది, మరొక ప్రతిని చేతితో మొదలుపెట్టి వెళ్ళినాడు. పాత ప్రతి ఆనాటి రాత్రి కూడ వాతావరణము కొరకు ఆగి ఉండి తన వంతు ఆలస్యముగా వాయించినది. ఒకే పని రెండుసార్లు జరిగితే మొదట చూడవలసినది ప్రోగ్రాము ఎన్ని ప్రతులుగా నడుస్తున్నదో. ఆ తరువాత, పని చేయడానికి ముందు "ఈ రాత్రి పని జరిగిపోయినదా?" అని ఒక ఫైలులో చూచి, జరిగితే మౌనముగా ఉండే ఏర్పాటు చేయాలి.

ఇన్ని చిక్కులు ఒక ఇరవై పంక్తులలో దాగి ఉన్నప్పుడు వెదకేవానికి ఒక క్రమము కావాలి. అబ్బాయి చివరకు నేర్చుకొన్న క్రమము ఇది. మొదట వేళ సంగతి విడిచి, ఫంక్షన్‌ను నేరుగా పిలిచి చూడాలి. అప్పుడే పనిచేయకపోతే దోషము వేళది కాదు. పనిచేస్తే, రేపటివరకు కాచుకొనక, ఐదు సెకన్లకు ఒకసారి జరిగేటట్లు పెట్టి చూడాలి. మూడవది, యంత్రమును దాని వేళ ఎంతో, ఏ ప్రాంతపు కాలమో, తరువాతి పని ఎప్పుడని అనుకొంటున్నదో అడిగి వ్రాయించుకోవాలి. మనము అనుకొన్నదీ అది అనుకొంటున్నదీ ప్రక్కప్రక్కన పెడితే సగము తప్పులు అక్కడనే తేలుతవి. నాలుగవది, ఆ వేళకు ముందు ఏ పని నడుస్తున్నదో, అది ఎంతసేపు పట్టినదో చూడాలి. ఐదవది, ఏదైనా తప్పు లేచి అణగిపోయినదా అని చూడాలి. ఈ క్రమములో పోతే ఒక్కొక్క మెట్టు దగ్గర తప్పు ఉండగల చోటు సగము తగ్గుతూ వస్తుంది.

కాని అడిగినప్పుడు చెప్పడానికి యంత్రము దగ్గర చరిత్ర ఉండాలి. మాకు లాగ్ బుక్కు ఉన్నది. ఏ కార్యక్రమము ఎన్నింటికి మొదలైనదో, ఎన్నింటికి ముగిసినదో, ఎక్కడ అంతరాయము కలిగినదో దానిలో ఎక్కుతుంది. పైథాన్‌లో "లాగింగ్" అనే భాగము ఈ పని కొరకే 2003లో వచ్చిన 2.3 ప్రతినుండి భాషతోనే ఉన్నది. పని మొదలైనప్పుడు ఒక పంక్తి, ముగిసినప్పుడు ఒక పంక్తి, తప్పు వస్తే దాని వివరము వ్రాయిస్తే చాలును. మొదలైన పంక్తి ఉండి ముగిసిన పంక్తి లేకపోతే పని నడుమ చిక్కుకొన్నదన్నమాట. రెండూ లేకపోతే పిలుపే రాలేదన్నమాట. లాగింగ్‌కు బదులు "ప్రింట్" ఆజ్ఞతో ఫైలులోకి వ్రాయించేవారు, ఆ మాటలు వెంటనే ఫైలుకు చేరవనీ, కొంత పోగైన తరువాత చేరుతవనీ తెలుసుకోవాలి. ఫైలు ఖాళీగా ఉన్నదని పని జరుగలేదనుకొంటే పొరపాటు పడవచ్చును. "ఫ్లష్" అని చెబితే ప్రతి పంక్తీ అప్పుడే చేరుతుంది.

అయినా లాగ్ బుక్కు తనంతట తాను మాట్లాడదు. దానిని ఎవరైనా తెరచినప్పుడే చెబుతుంది. అందుచేత చివర మిగిలే ప్రశ్న: పిలుపు రాలేదని గమనించేవారు ఎవరు? అబ్బాయి మొదట అదే యంత్రములో ఒక కాపలా ప్రోగ్రామును పెట్టినాడు. కరెంటు పోతే అదీ పోయినది. కాపలావాడు ఇంటికి బయట ఉండాలి. ఇప్పుడు ఆ యంత్రము నాదస్వరము వాయించిన ప్రతిసారీ అబ్బాయి ఫోనుకు "జరిగినది" అని ఒక మాట పంపుతుంది. ఆరూ పదిహేనుకు ఆ మాట రాకపోతే అతని ఫోనే మ్రోగుతుంది. తప్పు జరిగినప్పుడు కబురు పంపుమని చెప్పడము కంటె, పని జరిగినప్పుడు కబురు పంపుమని చెప్పి, కబురు రాకపోవడమునే తప్పుగా ఎంచడము క్షేమము. పడిపోయినవాడు తాను పడిపోయినానని కబురు పంపలేడు గదా.

నాయనమ్మగారు తమ వంతు ఏర్పాటు తాము చేసుకొన్నారు. వారమునకు ఏడు అరలు, ఒక్కొక్క అరలో ఉదయమునకు, రాత్రికి వేరువేరు గూళ్ళు ఉన్న మాత్రల పెట్టె తెప్పించుకొన్నారు. గూడు ఖాళీగా ఉంటే మాత్ర వేసుకొన్నట్లే. నాదస్వరము రెండుసార్లు మ్రోగినా ఆమెకు ఇక అనుమానము రాదు. ఉదయము ఆరు దాటినా అది మ్రోగకపోతే ఆమె గోడ గడియారము చూచి, మాత్ర వేసుకొని, ఆ తరువాత మనుమనికి ఫోను చేసి, "నీ బాజా ఇవాళ లేవలేదురా, చూచుకో" అంటారు. మన ఇండ్లలో పిల్లలు ఇటువంటి ప్రోగ్రాములు వ్రాసి ఇచ్చినప్పుడు, అది మ్రోగినప్పుడు ఏమి చేయాలో అని మాత్రమే కాక, మ్రోగకపోతే ఏమి చేయాలో కూడ వారిని అడిగి తెలుసుకొందాము.